గోడలో నీ చెయ్యి

మావా,

సాలూరు అవతల జీడితోటలో నువ్వు సగం కట్టి వదిలేసిన మట్టిల్లు, నువ్వు పోయిన మూడేళ్ళకు పూర్తయింది. పెంకు వేయించాను, తలుపు పెట్టించాను. అరుగు నేనే వేశాను.

ఆ ఇల్లంటే నాకు పడేది కాదు. ప్రతి ఆదివారం అన్నం మూట కట్టుకుని దాని దగ్గరికే పోయేవాడివి. మట్టి ఒక వరస వేస్తే, అది ఎండేదాకా రెండోది వెయ్యకూడదట. దానికోసం వారాల తరబడి ఆగేవాడివి. నేను చీర మార్చుకునేలోపు మాత్రం పదిసార్లు కేకేసేవాడివి.

నిన్న గోడలు అలకడానికి పక్కతోట గౌరి వచ్చింది. లోపలి గోడ దగ్గర ఆగిపోయింది.

"వదినా, ఇక్కడ అన్న సెయ్యి అచ్చు పడున్నాది. వదిలెయ్యమంటావేటి?"

వంగి చూశాను. అయిదు వేళ్ళూ ఉన్నాయి, నీ వంకర చిటికెన వేలుతో సహా. ఇంట్లో నీ చొక్కాల్లో నీ వాసన కూడా మిగల్లేదు. ఈ మట్టింటికి మాత్రం నీ చెయ్యే ఇచ్చి వెళ్ళావు.

"నువ్వు బయట గోడ సూడు. ఇది నేనలుకుతాను" అన్నాను.

నీ వేళ్ళ మీద నా వేళ్ళు ఆనించి పేడమట్టితో అలికేశాను. తర్వాత అరుగు మీద కూర్చుని టీ తాగాను. కొండగాలి బాగుంది.

రేపు చుట్టాలు ఇల్లు చూడటానికి వస్తున్నారు. నీ చెయ్యి ఏ గోడలో ఉందో ఎవరికీ చెప్పను.