నా షుగరుకు మా అమ్మను అంటవా

ఇబ్రహీంపట్నం

స్టెల్లాకు తాత నారయ్య రాసేది. ప్రభువు పేరున వందనాలు. నీకు కాదు, నీ పెనిమిటి నిశాంత్‌కు.

ఫోన్ల కొట్లాడితే నడుమల కట్ చేస్తవ్. అందుకే కాయితం మీద తిడుతున్న. దవాఖానల డాక్టర్ ముంగట ఏమన్నవ్? తాత కడుపుల ఉన్నప్పుడు వాళ్ల అమ్మకు తిండి లేదు, షుగరుకు అదీ ఒక కారణం అంటవా? వార్డంతా విన్నది. కరువుల గడ్డలు తవ్వుకొని తిని నన్ను కన్నది ఆమె. మా తాతకు లేదు, మా నాయినకు లేదు, నాకు షుగరు యాడికెళ్లి వస్తది? బిళ్లలు అల్మారీ మీద పడేసిన. నువ్వు మా అమ్మ సమాధి కాడికొచ్చి తప్పయిందని చెప్పేదాక ముట్ట.

కోపంతో,
నారయ్య

మళ్లా రాసేది: మీ నాయినమ్మ సంతోషమ్మ మామిడికాయ తొక్కు పంపింది. నేను పంపలే.

హయత్‌నగర్

తాతకు,

నీ తిట్లు క్షేమంగా అందినయి. నేను అన్నది మీ అమ్మను కాదు, కరువును. మా ల్యాబ్‌లో చూసేది ఇదే. తల్లిదండ్రులు ఇచ్చిన జన్యువులు అవే ఉన్నా, ఏది పని చేయాలె, ఏది పండుకోవాలె అన్నది బతుకును బట్టి మారుతది. కడుపులో ఉన్నప్పుడు తిండి తక్కువైతే బిడ్డ ఒళ్లు పొదుపు నేర్చుకుంటది. తర్వాత తిండి దండిగా దొరికినా ఆ అలవాటు తొందరగా వదలదు. అట్లాంటోళ్లకు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. బిళ్లలు వేసుకో. షుగర్ తగ్గక నీ కాలి పుండు మానకపోతే వేలు తీసేస్తమని డాక్టర్ అన్నడు గద.

నీ మనుమరాలు,
స్టెల్లా

ఇబ్రహీంపట్నం

స్టెల్లాకు,

పొదుపా? నా ఒళ్లు పిసినారిదా? నీ పెండ్లికి రెండు యాటలు కోయించి ఊరందరికి పెట్టినోన్ని. ముందుగాల మా అమ్మను అన్నవ్, ఇప్పుడు నన్ను అన్నవ్. వచ్చే ఉత్తరంల మా నాయిన వంతా? వేలు పోతే పోనీ, ఇంకా తొమ్మిది ఉన్నయ్.

ఇంకా కోపంతో,
నారయ్య

మళ్లా రాసేది: తొక్కు ఎట్లుందో రాయలే. సంతోషమ్మ అడుగుతున్నది. నాకేం పని లేదు.

హయత్‌నగర్

తాతకు,

పిసినారి అనలేదు. కరువును తట్టుకునే తీరు మీ అమ్మ నీకు కడుపులోనే నేర్పింది. జన్యువుల పనితీరు బతికినంత కాలం మారుతనే ఉంటది. నడక, తిండి, మందు ఇప్పుడైనా పని చేస్తయి. ఆదివారం వస్త, సమాధి దగ్గర తప్పయిందని చెప్త. సరేనా?

స్టెల్లా

తా.క.: తొక్కు వాసన పడ్తలేదు. నిశాంతే తింటున్నడు. నాకు పొద్దంతా చాయ్, బిస్కెట్ చాలు.

ఇబ్రహీంపట్నం

స్టెల్లాకు,

నీ ఉత్తరం కిందున్న ముక్క సంతోషమ్మకు చదివి వినిపించిన. నలుగురిని కన్న మనిషి, నవ్వుకుంట కూసున్నది. నాకైతే ఒళ్లు మండింది. తల్లి తిండిని చూసి కడుపుల బిడ్డ బతుకు నేర్చుకుంటదని నాకు పాఠం చెప్పి, నువ్వు చాయ్, బిస్కెట్‌తోని గడుపుతవా? ఆ బిడ్డ ఏం నేర్వాలె, లోకంల బిస్కెట్లే ఉంటయనా? మా అమ్మ దొరకక తినలే. నీకేం రోగం?

సంతోషమ్మ పొద్దుగాల బస్సుకు వస్తున్నది, జొన్న గటక వండి పెడ్తది. కక్కినా మళ్లా తిను. ఇయ్యాల బిళ్ల ఏసుకున్న. నువ్వు తిన్నవని ఆమె ఫోన్ చేస్తేనే రేపటిది.

ఆదివారం సమాధి కాడికి రావొద్దు. కడుపుతోటి ఉన్నోళ్లు ఆడికి పోరు. నేనే పోయి అమ్మకు చెప్పిన, పిల్ల నిన్ను అనలే, కరువును అన్నదని.

నారయ్య

మళ్లా రాసేది: నిశాంత్‌కు చెప్పినవా లేదా? సీసెడు తొక్కు ఒక్కడే తింటుంటే, నెల తప్పింది ఆయనకే అనుకుంటరు.