వెనక సీటు తలుపు

పలాస,
సోమవారం.

ప్రియమైన తమ్ముడు జెర్రీకి,

అక్క జాయ్ రాస్తున్న ఉత్తరం. ప్రభువు కృప వల్ల ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు కూడా ఆ మంచుకొండ మీద వేళకు తింటూ, చలికి ముడుచుకుపోకుండా క్షేమంగా ఉన్నావని తలుస్తున్నాను. ఉత్తరమంటే ముందు ఈ మాట రాయాలని అమ్మ నేర్పింది కాబట్టి రాశాను. ఇందులో ఎంత నిజముందో పోనుపోను నీకే తెలుస్తుంది. తొందరపడి చివరి పేజీ తిప్పకు, నీకా పాడలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది.

నీ ఉత్తరం అందింది. ఒక్క ఉత్తరంలో అన్ని ప్రశ్నలేమిట్రా? పోలీసుల్లో చేరాల్సినవాడివి పొరపాటున మిలిటరీలో చేరావు. సరే, ఒక్కోటే చెబుతాను. జీడితోట బాగానే పూసింది. మంచుకి కొంత పూత మాడింది గానీ, మిగిలింది నిలబడితే చాలు. నా ఉద్యోగం మామూలే. సుమ్మాదేవిలో రైలెక్కుతాను, పలాసలో దిగుతాను, జీడి ఫ్యాక్టరీలో గుండు పప్పు ఒక వైపు, బద్ద ఒక వైపు వేరు చేస్తాను, చీకటి పడేలోగా ఇల్లు చేరతాను. చర్చికి కొత్త పాస్టరు గారు వచ్చారు. ప్రసంగం మొదలుపెడితే ఆపరు. నాన్న మొదటి వరసలో కూర్చునే నిద్రపోతున్నాడు. టెక్కలి సంబంధం ఏమైందని అడిగావు. నాన్న చేతి మీద జీడిసొన పడి కాలిన పుండు మానిందా అని కూడా అడిగావు. ఆ రెండూ తర్వాత చెబుతాను. ముందు కారు సంగతి.

"బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో తేలకపోతే ఆ డొక్కు బండి అమ్మి పారెయ్యండి" అని రాశావు. చదివి నీ మీద ఒళ్లు మండింది. ఆ డొక్కు బండిలోనే కదరా అమ్మ డయాలసిస్‌కి వెళ్లొచ్చింది, చివరిదాకా. ఎన్ని కిరాయిలు వచ్చినా అమ్మ వెళ్లాల్సిన రోజున నాన్న ఒక్కటీ ఒప్పుకునేవాడు కాదు.

అమ్మ పోయాక నాన్న కిరాయిలు మానేశాడని నీకు తెలుసు. బండిని పెరటి చివర షెడ్డులో పెట్టాడు. ఎండకి సీట్లు పాడవుతాయని అద్దాలకి అమ్మ పాత చీరలు కట్టాడు. పక్కింటి సూరమ్మ పిన్నికి కూడా కిడ్నీలు పాడయ్యాయి కదా, ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లే రోజున మాత్రం బయటికి తీసేవాడు. అలాంటి ఒక పొద్దున్న పిన్ని వచ్చి కూర్చుంది, నాన్న తాళం తిప్పాడు, బండి కిక్కురుమనలేదు. నేనూ నాన్నా కలిసి రోడ్డు దాకా తోశాం. నాన్న మధ్యలో రెండుసార్లు ఆగి బానెట్ మీద వాలిపోయాడు. పెద్దవాడు కదా, ఆయాసం వచ్చిందనుకున్నాను. చివరికి పిన్నిని ఆటో ఎక్కించాం. ఎక్కుతూ ఆవిడ అంది:

"ఈ బండికీ నా రోగమే వచ్చినట్టున్నాది బావా. నెత్తురంతా ఎవులో పీల్సేత్తన్నారు."

అందరం నవ్వాం. నాన్న నవ్వలేదు.

కాశీబుగ్గ నుంచి మెకానిక్ పెంటయ్యని పిలిపించాను. బ్యాటరీ పాతదైపోయిందని కొత్తది వేశాడు. వారం తిరక్కుండానే అదీ చచ్చింది. ట్రాక్టరు బ్యాటరీకి వైర్లు తగిలించి స్టార్ట్ చేసి, బండిని తన షాపుకి తీసుకుపోయాడు. తలుపులన్నీ మూసి, బ్యాటరీకీ వైరుకీ మధ్య మీటరు పెట్టి, ఒక్కో ఫ్యూజు పీకి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. స్టీరియో వైరు పీకేసి పంపించాడు. ఇంటికొచ్చాక మళ్లీ అదే కథ.

"నా కాడుంటే దానికి రోగం లేదు పాపా" అన్నాడు పెంటయ్య. "మీ ఇంటి కాడే ఏటో కరెంటు తినేత్తన్నాది. బండి ఆపినప్పుడల్లా బ్యాటరీ వైరు పీకీసి ఉంచండి."

నాన్న ససేమిరా అన్నాడు. "సూరమ్మకి ఏ ఏలకేటవుతాదో. వైరు ఎతుక్కుంటూ కూకోమంటావా?" అని కసురుకున్నాడు. నాకేమో అది నిజమే అనిపించింది. ఆ నెలంతా నేను పెంటయ్యనీ, బ్యాటరీ అమ్మినవాణ్నీ, చివరికి షెడ్డులో తిరిగే ఎలకల్నీ కూడా తిట్టుకున్నాను.

వాయుగుండం పట్టిన రోజున ఫ్యాక్టరీకి సెలవిచ్చారు. మధ్యాహ్నానికే చీకటి కమ్మేసింది. పొయ్యి కట్టెలు తడుస్తున్నాయని టార్పాలిన్ కోసం షెడ్డు వైపు పరిగెత్తాను. కారు లోపల, అమ్మ నీలం చీర వెనక, చిన్నగా పసుపు వెలుగు కనిపించింది. మామూలు రోజైతే ఆ ఎండలో ఎవరికి కనబడుతుంది? రాత్రిళ్లు ఆ చివరికి ఎవరూ వెళ్లం. చీర అంచు పక్కనుంచి లోపలికి చూశాను.

వెనక సీట్లో, అమ్మ పడుకునే వైపు, నాన్న కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. ప్లాస్టిక్ కవరు నోటి దగ్గర పెట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. శబ్దం రాకుండా తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను పిలవలేకపోయానురా. వాన్లో తడుస్తూ షెడ్డు పక్కన అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఆయన కిందికి దిగి, తలుపుని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, చప్పుడు కాకుండా దగ్గరికి నెట్టాడు. లోపల లైటు ఆరలేదు. ఆయన అది చూడకుండానే కవరు పారేయడానికి దిబ్బ వైపు నడిచాడు.

మన నాన్నరా! కిరాయికి ఎవరెక్కినా "గట్టిగా ఎయ్యండి బాబూ, అద్దం పగలదులెండి" అని అరిచే మనిషి. తలుపు మెల్లగా వేశావని నీ నెత్తిన ఎన్ని మొట్టికాయలు వేశాడో గుర్తుందా? ఆయన చేతిలో ఆ తలుపు మెత్తగా పడిందంటే ఒక్క అమ్మ కోసమే. డయాలసిస్ సూదులు గుచ్చిన చేత్తో అమ్మ లాక్కోకూడదని, ఆవిడ ఆసుపత్రి నుంచి బయటికొచ్చే వేళకి వెనక తలుపు కొంచెం తీసి ఉంచేవాడు. అలాంటిది ఆ వేళ తన కోసం మెల్లగా వేసుకున్నాడు.

"నాన్నా, తలుపు పడనేదు" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. "ఏటి?"

"కారు తలుపు. లైటెలుగుతూనే ఉన్నాది. బ్యాటరీ తినేత్తన్నది ఇదే."

"మీ అమ్మ సీటు కాడ కాసేపు కూకుందారని ఎల్లినానమ్మా" అన్నాడు.

కవరు చూడకపోతే నమ్మేదాన్నే. ఆయన కాళ్ల వైపు చూశాను. చెప్పుల్లో పాదాలు పట్టడం లేదు. అక్కడే బురదలో కూర్చుని ఆయన కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కాను. సొట్ట పడింది. అలాగే ఉండిపోయింది. అమ్మ కాళ్లు నొక్కి మనిద్దరం ఎన్నిసార్లు చూశామో, అదే సొట్ట తమ్ముడూ.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

"మీ అమ్మ ఉన్నప్పుడే తెలిసిందమ్మా. ఇంట్లో కక్కితే నీకు తెలిసిపోద్ది. తలుపు గట్టిగా ఏత్తే నీకు ఇనబడతాది. టెక్కలోలు వచ్చి మాటాడుకుని, పెళ్లైపోయేదాకా ఆగుదారనుకున్నాను. ఒకింట్లో ఇద్దరికీ ఈ రోగమని తెలిత్తే పిల్లని ఎవులు సేసుకుంతారు? పిల్లకీ వత్తాదంతారు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా పెళ్లి కోసం నువ్వు చచ్చిపోతావా అని పెరట్లో నిలబడి అరిచాను. సూరమ్మ పిన్ని గోడ దగ్గరికొచ్చి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయింది. ఆవిడకి అడగాల్సిన పనేముంది!

ఇప్పుడు నీ రెండు ప్రశ్నలకి జవాబు. నువ్వు మొన్న కొండ దిగినప్పుడు వీడియో కాల్‌లో చూసిన కట్టు జీడిసొన పుండు కాదు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి నరం కలుపుతారు కదా, ఆ ఆపరేషన్ కట్టు. ఎడమ చెయ్యి, అమ్మకి చేసిన చోటే. నువ్వు అడగ్గానే నాన్న "సొన పడిందిరా" అని టక్కున అనేశాడు. పక్కనే ఉన్న నేను, పొద్దస్తమానం జీడిపప్పు మధ్య బతికే నేను, తల ఊపాను. ఫోన్‌లో నిజం చెబుదామంటే స్పీకర్ పెట్టమని పక్కనే కూర్చుంటాడు. "ఆడికి సెప్పకు, తుపాకీ అట్టుకున్నోడికి ఇంటి బెంగ ఉండకూడదు" అని ఒట్టు వేయించుకున్నాడు. ఈ ఉత్తరంతో ఆ ఒట్టు పోయింది. పోనీ.

టెక్కలి సంగతి నాన్నకి కూడా తెలియదు. నేనే పెళ్లికొడుకు తండ్రి ధనరాజు గారికి ఫోన్ చేసి, మా నాన్నకి కూడా కిడ్నీలు పాడయ్యాయని చెప్పేశాను. నాకు పరీక్ష చేయించుకున్నాననీ, ఏమీ లేదని వచ్చిందనీ కూడా చెప్పాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. ఇంట్లో మాట్లాడి చెబుతానన్నారు. మళ్లీ ఫోన్ రాలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. అబద్ధమెందుకు, కొంచెం ఉంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ నాన్న అడుగుతాడు, "టెక్కలోలు కబురంపినారా" అని. ఈస్టరు అయ్యాక వస్తారట అని చెబుతున్నాను. అప్పుడాయన ముఖం చూడాలి నువ్వు. ఈస్టరు దాటాక ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

కారు అమ్మం. నేను డ్రైవింగు నేర్చుకున్నాను, లైసెన్సు కూడా వచ్చింది. నాన్నే నేర్పాడు. గేరు మార్చడం రాకపోతే నీకు పెట్టిన మొట్టికాయలే నాకూ పెట్టాడు. ఆ కాసేపూ మళ్లీ పాత నాన్నలా అరిచాడు, నాకెంత సంతోషమేసిందో. ఇవాళ పొద్దున్న మొదటిసారి ఆయన్ని డయాలసిస్‌కి నేను తీసుకొచ్చాను. ముందు సీట్లో కూర్చోమంటే కూర్చోలేదు. వెనక అమ్మ చోట కూర్చుని, "సూసి తోలమ్మా, గొయ్యున్నాది" అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఆసుపత్రి గుమ్మం దగ్గర దిగాడు. లోపలికి వెళ్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నపిల్లాడి చెయ్యిలా ఉందిరా.

ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాయడం లేదు. ఆసుపత్రి ఎదుట, కారులో, స్టీరింగు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకే. నువ్వు సెలవు దొరగ్గానే రా. నాన్న తిడితే నన్ను తిడతాడులే. అక్కడే నువ్వు కూడా రక్తపరీక్ష చేయించుకో, వాయిదా వెయ్యకు. వచ్చాక ఆయన దగ్గర ఏడవకు. వెనక సీట్లో పక్కన కూర్చో, చాలు.

ఇక ఆపుతాను, నాన్నని బయటికి తీసుకొచ్చే వేళయింది. వెనక తలుపు కొంచెం తీసి ఉంచాను, ఆ చేత్తో లాక్కునే పని లేకుండా. లోపల లైటు వెలుగుతోంది. వెలగనీ. బండి కదలకపోతే దిగి నేనే తోస్తాను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
అక్క జాయ్