అమ్మ నేర్పిన ముడి

మండపం శిబిరం

ప్రియమైన చెల్లి లూర్దమ్మకు, మీ అక్క సెబస్తియమ్మ దీవించి రాసేది.

నీ దగ్గు తగ్గిందా? తడి తలతో చర్చికి పోకు. యుద్ధం ఆగింది కదా, సముద్రం దాటి తిరిగి మన్నార్ వచ్చేస్తామని ఇక్కడ కాగితం పెట్టాను. ఈ శరణార్థుల రేకుల గదిలో ఇరవై ఏళ్లయింది. కానీ మన ఊరి జాలర్ల సంఘం వాళ్లు మా అబ్బాయి సూసైకి ఒడ్డున పడవ లాక్కునే చోటు ఇవ్వకపోతే వచ్చి ఏం తినాలి? నువ్వే అడుగు. వాడు తాపీ పని చేస్తున్నాడని చెప్పు. నిజం నీకు ఒక్కదానికే. వాడు ఇక్కడి వాళ్ల ట్రాలర్ మీద, ఆ పెద్ద మరపడవ మీద, మీ వైపు చేపలకి పోతున్నాడు. శిబిరం వాళ్లు పోకూడదు. మీ వైపు నేవీ పట్టుకుంటే ఏ దేశపోడంటారే వాణ్ణి? రెండు దేశాలూ మావాడు కాదంటే?

మీ అక్క


మన్నార్

ప్రియమైన అక్కా,

దగ్గు తగ్గింది. తాపీ పనే అన్నాను, సంఘంలో నమ్మారు. చోటు ఇచ్చేలాగే ఉన్నారు. ఇంతలో శనివారం మీ ఒడ్డు ట్రాలర్లు వచ్చి మా వలలు ఈడ్చుకుపోయాయి. మీ మరిది తాడు ముక్కతో తిరిగొచ్చాడు. "వాళ్లూ తమిళోళ్లే, మనమూ తమిళోళ్లమే, కడుపులే వేరు" అని ఒడ్డున ఎత్తిపొడుపులు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుంటున్నాయంట. "మాట్లాడి మాట్లాడి వాళ్లకే ఆకలేస్తుందిలే" అన్నాడు మీ మరిది. అక్కా, సూసై ఆ పని మానేశాడని ఒక్క ముక్క రాయి. ఇక్కడ ఎవరి మొహమూ చూడలేకపోతున్నా.

నీ లూర్దు


మండపం శిబిరం

ప్రియమైన చెల్లికి,

కూర్చుని చదువు.

ట్రాలర్ వలకి చిక్కుకుని వచ్చిందని సూసై ఒక వల ముక్క తెచ్చాడు, బీరపాదుకి కడదామని. చిరుగు బాగుచేసిన చోట ముడి చూశాను. దారం ఎడమకి రెండు చుట్లు, కొస లోపలికి దోపి ఉంది. అలా వెయ్యడం అమ్మ మనిద్దరికే నేర్పింది.

"ఎక్కడిదిరా ఇది?"

"సముద్రంలోది. వలకి ఊరూ పేరూ ఉంటాయా అమ్మా?"

"మీ పిన్నిదిరా."

"ఊరుకో, నీకు అన్నీ అనుమానాలే."

పక్కనే నేనొక ముడి వేసి చూపించాను. కంచంలో చెయ్యి కడిగేసి లేచాడు. మర్నాడు ట్రాలర్ మనిషి పిలిచినా పోలేదు. వాణ్ణేమని అనను, ఆ కూలితో వండింది నేనే. వాణ్ణి ఎవరు పట్టుకుంటారో అని ఏడ్చాను గానీ, ఎవరి కూడు పట్టుకొస్తున్నాడో ఒక్కనాడూ అడగలేదు.

ఈ ఉత్తరం సంఘంలో అందరి ముందూ చదివించు. మీ ఆయన పక్కనుండగా చదివించు. చోటు లేదంటే లేదననీ, ఇక్కడే ఉండిపోతాం. రానిస్తే మాత్రం ట్రాలర్ మీద చేపలకి పోయినవాడి తల్లినని చెప్పుకునే పడవ దిగుతాను.

మీ అక్క సెబస్తియమ్మ