పది నిమిషాల ముందే కూసిన సైరన్

బుధవారం, రాత్రి

డేవిడ్ అన్న మీద కోపం ఇంకా చల్లారలేదు. కంప్యూటరును నాకు చదివి వినిపించే స్క్రీన్ రీడరుకు తాను చేసిన చిన్న చిన్న అదనపు ప్రోగ్రాములు, యాడ్-ఆన్‌లన్నీ కలిపి, ఒకే మూటగా కట్టి మందమర్రి నుంచి పంపాడు. ఆయనకూ చూపు లేదు, నాకూ లేదు. ఏం పంపినా కళ్లు మూసుకుని ఎక్కించుకుంటాను.

ఆ మూటలో ఒకటి షిఫ్టు సైరన్ మోగిస్తుందట. వాళ్ల తమ్ముడు డ్యూటీకి ఆలస్యం కాకూడదని దాన్ని పది నిమిషాలు ముందుకు పెట్టాడు. ఆ ముక్క నాకు చెప్పలేదు.

నేను హాజరు వేసే గని వర్క్‌షాపులో పొద్దున అందరితో రక్షణ ప్రతిజ్ఞ చదివించడానికి పెట్టిన పెద్ద స్పీకరు ఇంకా నా కంప్యూటరుకే తగిలించి ఉంది. మధ్యాహ్నం అందులోంచి సైరన్ కూసింది. వర్క్‌షాపంతా చేతిలో పానాలు, సుత్తెలు పడేసి బండ్లెక్కి వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత అసలు సైరన్ మోగింది.

ఇంజనీరు సారు ఉరికొచ్చాడు. "రేపటికల్లా గా మోత బంద్ గావాలె. లేకుంటే నీ మాట్లాడే కంప్యూటరే తీసేపిస్త!"

అది లేకపోతే హాజరు పట్టీ ముందు నేను ఉత్త బొమ్మను. వెంటనే అన్నకు ఫోన్ చేశాను.

"గదొక్కటే తీసుడు రాదు తమ్మీ. అన్ని ఒకదానికొకటి ముడేసిన," అన్నాడు, గర్వంగా!

ఇంటికొస్తుంటే చాయ్ బండి దగ్గర మా వర్క్‌షాపు ఫిట్టర్ రాజయ్య కాక నా చెయ్యి పట్టుకున్నాడు. నాలుగేళ్లలో మొదటిసారి చాయ్ పోయించాడు.

"బిడ్డా, రేపు అర్ధగంట ముందుకు పెట్టరాదు?"

స్పీకరు తీగ పీకేస్తే సరిపోతుందని ఇప్పుడే తట్టింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు...