ధైర్యం గది

జూన్ 12, గురువారం

లంచ్ టైములో వెనక బెంచీ పొడుగమ్మాయి నా దగ్గరికొచ్చి, వీడియోలో ఉన్నది నువ్వే కదా అంది. ఏ వీడియో అన్నాను. వాళ్ళమ్మ ఈ అమ్మాయి చెల్లిని తీసుకుని మా బాబాయి క్లాసుకి వెళ్ళిందట. పిల్లల్లో భయం పోగొట్టే క్లాసు. అక్కడ తెర మీద నన్ను చూపించాడట. మా అన్నయ్య కూతురే, ఒక్క పూటలో బాగుచేశాను అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట.

బాత్రూమ్‌కి వెళ్ళి వాంతి చేసుకున్నాను. బాగైపోయిన పిల్లని కదా.

జూన్ 13

రాయాలి. లేకపోతే తల పగిలిపోయేలా ఉంది.

ఎనిమిదో క్లాసులో నాకు స్కూలంటే కడుపులో తిప్పేది. పొద్దున్నే గుండె దడ, చేతులు చల్లబడేవి, ఊపిరి అందేది కాదు. ఇంట్లో నాటకం అన్నారు. బాబాయి మాత్రం నాటకం కాదు, భయం, దాన్ని చీకట్లో పడేస్తే అదే చస్తుంది అన్నాడు. నన్ను వంటింటి పక్కనున్న సామాన్ల గదిలోకి తోసి బయట గడియ పెట్టాడు. ఫోన్‌తో వీడియో మొదలుపెట్టాడు. బయట పిన్ని, నాయనమ్మ, నాన్న ఉన్నారు. అమ్మ ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది.

అరిచాను. తలుపు గీకాను. గొంతు పోయింది. ఇక అరవలేదు. విన్నారా, సైలెంట్, పోయింది భయం అన్నాడు బాబాయి. తలుపు తీసేసరికి తడిసిన బట్టలతో నిలబడి ఉన్నాను. వీడియోలో నేను నడుం పైవరకే కనిపిస్తాను. తెలివైనవాడు.

అప్పటి నుంచి లిఫ్టు ఎక్కను. బాత్రూమ్ గడియ పెట్టను.

వాణ్ణి వదలను. బాబాయిని వాడు అని రాశాను. కొట్టెయ్యను.

జూన్ 17, సెషన్ అయ్యాక

చలికాలం నుంచీ అమ్మ నన్ను ఒక థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్తోంది. ఆవిడ ఎప్పుడూ బోర్డు మీద మెట్లు గీస్తుంది కాబట్టి నేను మెట్లావిడ అంటాను. కింద చిన్న భయం, పైన పెద్ద భయం. ఒక్కో మెట్టు ఎక్కాలి, పారిపోకుండా నిలబడాలి, భయం దానంతట అదే దిగుతుందట. ఇన్నాళ్ళూ నేను మొదటి మెట్టు మీద కాలు కూడా పెట్టలేదు. ఆవిడ పోరుపెట్టలేదు. అమ్మే నిట్టూర్చేది.

ఇవాళ ఆవిడ అడక్కుండానే పై మెట్టు నేనే చెప్పాను. తలుపులు మూసిన హాల్లో, స్టేజి మీద, మైకు పట్టుకుని మాట్లాడటం. అంత పైకి ఎందుకమ్మా అంది. స్కూల్లో పనికొస్తుంది అన్నాను. నమ్మేసింది. మంచివాళ్ళని మోసం చేయడం ఇంత తేలికా!

జూన్ 24

లిఫ్టులో నిలబడ్డాను. తలుపులు తెరిచే ఉన్నాయి. అమ్మ చెయ్యి పట్టుకోకూడదు, వాటర్ బాటిల్ పట్టుకోకూడదు, మెట్లావిడ షరతు. భయం పదికి ఎనిమిది. బాబాయి ముఖం గుర్తు తెచ్చుకున్నాను. ఏడు.

జూలై 1

ఒక అంతస్తు. తలుపులు మూసుకున్నాయి. చచ్చాననుకున్నాను. చావలేదు. వాచ్‌మన్ తాత, పైకీ కిందకీ ఎన్నిసార్లు తల్లీ, లిఫ్టుకి దిష్టి తీస్తున్నావా అన్నాడు. నవ్వొచ్చింది. లిఫ్టులో నవ్వాను!

జూలై 9

ఈ వారం హోంవర్క్: భయపెట్టే ఆలోచన రాయాలి, అది నిజమనడానికి రుజువేంటో, కాదనడానికి రుజువేంటో రాయాలి. మెట్లావిడకి ఇచ్చిన కాగితంలో, మైకు పట్టుకుంటే నా గొంతు పోతుంది అని రాశాను. నా అసలు ఆలోచన ఇది: బాబాయి ఎప్పటికీ దొరకడు. నిజమనడానికి రుజువు: ఇప్పటిదాకా దొరకలేదు. కాదనడానికి రుజువు: నేను.

జూలై 20, ఆదివారం

బాబాయి వచ్చాడు. వచ్చే నెల పెద్ద హాల్లో ప్రోగ్రామట, స్టేజి ఎక్కి నాలుగు ముక్కలు మాట్లాడతావా బంగారం అన్నాడు. నాన్న, ఎంత అదృష్టం, అడిగి మరీ పిలుస్తున్నాడు అన్నాడు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను సరే బాబాయ్ అన్నాను. వెతుక్కుంటూ పోదామనుకున్న తీగ కాలికే తగిలింది.

బాబాయి వెళ్ళాక అమ్మ నా కళ్ళలోకి చూసింది. నేనెందుకు సరేనన్నానో అమ్మకి అర్థమైందనుకుంటా.

జూలై 29

మెట్లావిడని అడిగాను. ఒకణ్ణి బలవంతంగా చీకటి గదిలో పెడితే భయం పోతుందా? ఆవిడ పెన్ను కింద పెట్టింది. మెట్టు నువ్వు ఎక్కితేనే మెట్టు, ఇంకొకళ్ళు తోస్తే అది గొయ్యి అంది. ఎవరు తోశారు అని అడిగింది. ఊరికే అడిగాను అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం, సాయంత్రం

అయిపోయింది. చేతులు ఇంకా వేడిగా ఉన్నాయి. వరసగా రాస్తాను.

హాలు ఏడో అంతస్తులో. లిఫ్టులోనే వెళ్ళాను, నాన్న పక్కన, అపరిచితుల మధ్య. భయం నాలుగు. హాలు నిండా తల్లిదండ్రులు, ముడుచుకు కూర్చున్న పిల్లలు. స్టేజి మీద బీరువాలాంటి ప్లైవుడ్ పెట్టె. లోపలంతా నల్లరంగు, బయట గడియ. మీద ఎర్ర అక్షరాలతో ధైర్యం గది అని రాసుంది. సామాన్ల గదికి చక్రాలు పెట్టి ఊరంతా తిప్పుతున్నాడు.

ముందు నా వీడియో వేశారు. తర్వాత ముందు వరసలోంచి ఒక చిన్నపిల్లని పిలిచాడు. రెండు జడలు, కుర్చీ వదలట్లేదు. తల్లి వేళ్ళు ఊడదీస్తోంది. భయపడకు, ఈ అక్క కూడా నీలాగే ఉండేది అని బాబాయి మైకు నా చేతికిచ్చాడు.

గొంతు పోలేదు. వణికింది, పోలేదు.

నేను చెప్పాను. ఆ రోజు నేను సైలెంట్ అయింది భయం పోయి కాదు, గొంతు పోయి. వీడియోలో నా నడుం కింద ఏముందో కూడా చెప్పాను. సిగ్గనిపించలేదు. చూపించినవాడికి లేని సిగ్గు నాకెందుకు? బాబాయి నవ్వి, చూశారా ఎంత ధైర్యంగా మాట్లాడుతోందో, ఇదంతా ఆ గది మహిమే అన్నాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు! అక్కడ మండింది నాకు. అయితే ముందు మీరు వెళ్ళండి బాబాయ్ అన్నాను. పాపకి ఎలా ఉండాలో చూపించండి. జనం నవ్వారు. వెళ్ళండి సార్ అన్నారు వెనకనుంచి. ఇక తప్పలేదు. చెయ్యి ఊపుతూ లోపలికెళ్ళాడు.

గడియ నేనే పెట్టాను.

మొదట జోకులు వేశాడు. తర్వాత దగ్గాడు. తర్వాత చాల్లే బంగారం, తియ్యి అన్నాడు. తియ్యలేదు. తియ్యవే అన్నాడు. తియ్యమ్మా అన్నాడు. పెట్టె కదిలింది. గుద్దుతున్నాడు. గాలాడట్లేదు, తియ్యండి, దయచేసి తియ్యండి అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా బాబాయి నన్ను మీరు అనడం అదే మొదలు.

హాలంతా ఫోన్లు లేచాయి. ఎవరూ తియ్యమనలేదు, నాన్న కూడా. ఆ రెండు జడల పిల్ల ఒక్కతే చెవులు మూసుకుని ఏడుస్తోంది. వాళ్ళమ్మ దాన్ని చంకనేసుకుని, మాకొద్దు ఈ క్లాసు అని అరుచుకుంటూ వెళ్ళిపోయింది. వాళ్ళ వెనకాలే ఇంకొందరు లేచారు.

నేను గెలిచాను. అప్పుడే తియ్యొచ్చు. తియ్యలేదు. అరుపులు ఆగి సైలెంట్ అయ్యేదాకా ఆగాను. అప్పుడు మైకులో, విన్నారా, పోయింది భయం అన్నాను.

తీశాను. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నాకు జాలి వేయలేదు. వెయ్యాలని ఎక్కడుంది?

ఆగస్టు 11

నిద్ర బాగా పట్టింది.

ఆగస్టు 12, సెషన్

అమ్మే మెట్లావిడకి అంతా చెప్పేసింది. ఎవరో పెట్టిన వీడియో ఊరంతా తిరుగుతోంది, బాబాయి క్లాసులన్నీ కాన్సిల్. పిన్ని ఫోన్ చేసి నీ చేతులు పడిపోను అని తిట్టింది.

మెట్లావిడ చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. నాతో చెప్పకుండా ఎక్కావు, పడుంటే పట్టుకోడానికి నేను లేను కదా అంది. అది తగిలింది. లోపల ఆయన ఊపిరి ఆగుంటే అని కూడా అడిగింది. భయం ఎంత అంది. రెండు. కోపం ఎంత అంది. సున్నా అందామని నోరు తెరిచాను. పది అని వచ్చింది.

ఎవరి మీద అంది.

గడియ పెట్టింది బాబాయి. కానీ ఆ గదిలో తలుపు కింద సందులోంచి నాకు కాళ్ళు కనిపించేవి. తలుపుకి అందరికన్నా దగ్గరగా ఉన్నవి బాబాయివి కావు. నేను నాన్నా అనే అరిచాను. ఆ కాళ్ళు కొంచెంసేపు ఉన్నాయి. తర్వాత వెనక్కి వెళ్ళిపోయాయి.

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా.

ఆగస్టు 14

నాన్న నాలుగు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. ఇవాళ అన్నం ముందు మొదలుపెట్టాడు. తమ్ముడి పరువు తీశావు, వాడు లైటు ఆర్పితే నిద్రపోవట్లేదు, నీకు మనసెలా వచ్చింది అన్నాడు.

నీకెలా వచ్చింది నాన్నా అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. చెప్పాను. కాళ్ళు, సందు, పిలుపు. అమ్మ కంచం పక్కకి జరిపి నాన్న వైపు తిరిగింది. అప్పుడు బయటపెట్టాడు నాన్న. గడియ మీద చెయ్యి వేశాడట. నీ మెతకతనమే దానికొచ్చింది, నువ్వు తీస్తే జన్మలో బాగుపడదు అని బాబాయి అన్నాడట. నేను భయపడ్డానే, నిజంగానే నా పోలికే వచ్చిందేమోనని భయపడ్డాను అన్నాడు.

క్షమించు అన్నాడు. క్షమించలేదు. అన్నం మాత్రం పూర్తిగా తిన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

నాన్నా, ఇవాళ సెషన్‌కి నువ్వు రావాలి, ఆ రోజు విన్నదంతా ఆవిడ ముందు నువ్వే చెప్పాలి అన్నాను. సరే అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటి హాల్లో కూర్చున్నాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

సెషన్‌కి ఇంకా బోలెడు టైముంది. ఆ సంగతి చెప్పలేదు. కూర్చోనీ.