నన్ను పార్ట్‌నర్‌ను చేయవద్దని మనవి

గౌరవనీయులైన న్యాయసంస్థల అనుమతుల అధికారి గారికి,

అయ్యా,

విషయం: సొలిసిటర్ కాని నన్ను లా ఫర్మ్‌లో పార్ట్‌నర్‌గా చేర్చుకొనుటకు తమకు అందిన దరఖాస్తును తిరస్కరించుట గురించి.

హాలిఫాక్స్ పట్టణంలో మిస్టర్ రష్‌వర్త్ గారి ఆఫీసునందు ఇళ్ల క్రయవిక్రయాలు చూచు లీగల్ ఎగ్జిక్యూటివ్, గ్లెనిస్ ఆక్రాయిడ్ అను నేను వ్రాసుకొను మనవి.

1. సొలిసిటర్లు కానివారు కూడా పార్ట్‌నర్లు కావచ్చునని చట్టం మారిననాటి నుండి నేను ఆ కుర్చీ కోసం కాచుకొని యున్న మాట నిజమే. ఇప్పుడు మిస్టర్ రష్‌వర్త్ గారే పిలిచినారు. సంతోషించవలసినదే. కాని నాకు భయముగా ఉన్నది.

2. మా వృత్తిలో, ఇంటి డబ్బు చేరునని ఫోన్‌లో "నాది పూచీ" అన్నా వ్రాసి ఇచ్చినట్లే. మాట తప్పినచో ఫర్మ్ చెల్లించవలెను. ఫర్మ్ వల్ల కానిచో పార్ట్‌నర్ల ఇళ్ల మీదికి వచ్చును. మిస్టర్ రష్‌వర్త్ గారు పూచీలను పిప్పరమెంట్లలా పంచుదురు. గోల్ఫ్ ఆడుతూ ఇత్తురు, మాంసం కొట్టులో నిలబడి ఇత్తురు. ఇదేమని అడిగితే, "ఇల్లు మారేవాళ్లు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా అమ్మాయ్?" అంటారు. ఇంతవరకు గండం గడిచినది ఆయన అదృష్టం. ఆ అదృష్టంలో నాకు వాటా వద్దు.

3. మా ఇంటి మీది అప్పు ఈ వసంతంలోనే తీరినది. నా భర్త ట్రెవర్ నవ్వుచున్నాడు. "ఇన్నేళ్లూ తలుపు తియ్యమని బాదావు. తీరా తీస్తే మంచం కింద దూరతావేంటే?" అంటాడు. అతనికేం, పడుకోగానే నిద్ర పడుతుంది.

4. నీవే కాదనవచ్చును గదా అని తమరు అడుగవచ్చును. మొన్న మిస్టర్ రష్‌వర్త్ గారు చేయి చాచి "వస్తావుగా?" అంటే, "వస్తానండీ, మాట" అనేశాను. ఇచ్చిన మాట నేను తప్పలేను. తమరు కాదంటే నా మాటా పోదు, ఇల్లూ పోదు.

కావున ఏదో ఒక లోపం చూపి కాదని వ్రాయగలరని, ఈ భయస్తురాలి మనవి దయతో చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
గ్లెనిస్ ఆక్రాయిడ్

తా.క.: ఇది కవరులో పెడుతుండగా ఫోన్ మోగింది. మా క్లయింటు. "గ్లెనిస్ గారూ, బిడ్డనెత్తుకుని వానలో నిలబడ్డానండీ. సామాన్ల లారీవాడు వెళ్లిపోతానంటున్నాడు, ఇల్లు అమ్మినవాళ్లేమో తాళాలివ్వట్లేదండీ" అని ఏడుపు. అవతలి సొలిసిటర్‌కి ఫోన్ చేశాను. "డబ్బు రాందే తాళాల్లేవ్. పూచీ ఎవరిది?" అన్నాడు. మిస్టర్ రష్‌వర్త్ ఆఫీసులో లేరు.

"నాది" అన్నాను.

తాళాలు ఇచ్చేశారు. బ్యాంకు మూసే వేళయింది, డబ్బు ఇంకా చేరలేదు. అయ్యా, నా దరఖాస్తు ఏం చేస్తారో ఇక మీ ఇష్టం. ట్రెవర్‌కి ఇంకా చెప్పలేదు.