నీ ఒకటో నంబరు జెర్సీ

హాస్టల్ గది,
బుధవారం మధ్యాహ్నం.

ప్రియమైన గోడకు,

ఈ పొద్దున పళ్ళు తోముకుంటుంటే బ్రష్ నా వేళ్లను వదల్లేదు. హ్యాండ్‌బాల్ చేతుల్లోంచి జారకుండా రాసుకునే జిగురు ఇంకా గోళ్ల సందుల్లో ఉండిపోయింది. నూనె రుద్దినా పోలేదు.

జట్టంతా గోడ అని పిలిచే నీకూ, నీ మోకాలి కట్టును మోస్తున్న దిండుకూ, నీ విసుగంతా భరిస్తున్న మీ అమ్మగారికీ నా నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, ఎడమ పిక్క మీద కమిలిన చోటు తప్ప.

ఎవరినడిగినా గెలిచాం గెలిచాం అంటున్నారే గాని ఫైనల్ ఎలా జరిగిందో ఒక్కరూ సరిగ్గా చెప్పడం లేదని నన్ను రాయమన్నావు. ఫోన్లో నా నోరు ఎంత పెగులుతుందో నీకు తెలుసు, అందుకే రాస్తున్నాను. మధ్యమధ్య చేదు తగులుతుంది. మింగెయ్.

శనివారం సెమీఫైనల్లో నువ్వు పడిపోయినప్పుడు ఏడ్చాను. నీ కోసమే ఏడ్చాను. కానీ ఆ ఏడుపు మధ్యలోనే, రేపు గోల్ ముందు నిలబడేది ఇక నువ్వేనే లైబ్రరీ అని నా లోపల ఎవరో అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. స్ట్రెచర్ మీంచి నువ్వు నా చెయ్యి పట్టుకుని, భయపడకే, బంతి నీకన్నా పిరికిది అన్నావు. నిన్ను ద్వేషిద్దామన్నా కుదరనివ్వవు కదా.

ఆదివారం అవతలి జట్టు ఎర్ర జెర్సీలతో దిగింది. నా గోల్‌కీపర్ జెర్సీ కూడా ఎర్రదే. గోల్‌కీపర్ రంగు ఎవరి రంగుతోనూ కలవకూడదు కదా. మేనేజర్ మేడం పరుగున వెళ్లి నీ పసుపు జెర్సీ తెచ్చి నా తలమీంచి తొడిగేసింది. దాని భుజాలు నా మోచేతుల దాకా వచ్చాయి. చిన్న పుస్తకానికి పెద్ద అట్ట వేసినట్టున్నావే లైబ్రరీ అని మన కెప్టెన్ పగలబడి నవ్వింది.

వీపు మీద ఒకటో నంబరు. మైకు దగ్గర కూర్చున్నాయన కాగితంలో ఒకటో నంబరంటే నువ్వే. నేను మొదటి బంతి ఆపగానే నీ పేరు అరిచాడు. పొరపాటు, ఇప్పుడే దిద్దుకుంటాడులే అనుకున్నాను. రెండో బంతికీ నీ పేరే. ఇక గ్యాలరీ అందుకుంది. ఆపుతున్నది నేను, జనం పిలుస్తున్నది నిన్ను. గోల్ పడినప్పుడు మాత్రం మన బెంచి మీంచి, లైబ్రరీ, నిద్రపోతున్నావా అని కేకలు. తిట్టడానికైతే నేనెవరో అందరికీ బాగానే గుర్తొచ్చింది.

చివరి నిమిషంలో మనం ఒక్క గోల్ ముందున్నాం. అప్పుడే వాళ్లకు పెనాల్టీ, ఏడు మీటర్ల త్రో, వచ్చింది. వేసేది ఆ ఎడమచేతి పిల్ల. గోడ అయితే ముందుకెళ్లేది, ముందుకెళ్లు అని కోచ్ సార్ గొంతు చించుకున్నాడు. నేను వెళ్లలేదు. నువ్వు పొడుగు, ముందుకెళ్తే గోల్ మూసుకుపోతుంది. నేను వెళ్తే ఆ పిల్ల నా తలమీంచి తేలిగ్గా వేసేస్తుంది. గీత దగ్గరే నిలబడి దాని భుజం చూశాను. భుజం వంగింది, కాలు చాచాను, బంతి పిక్కకు తగిలి పక్కకు పోయింది. నువ్వు ఆపితే ఫొటోలా ఉంటుంది. నేను ఆపితే చీకట్లో మంచంకోడు తన్నుకున్నట్టుంటుంది.

గెలిచాం. కోచ్ సార్ నా వీపు తట్టి, గోడ నిన్ను బాగా తయారుచేసింది అన్నాడు. నువ్వు నేర్పావన్న మాట నిజమే. కానీ నువ్వు నేర్పింది ముందుకెళ్లమని.

తర్వాత ఉత్తమ గోల్‌కీపర్ కప్పు. మైకులో నీ పేరు చదవగానే మనవాళ్లు వేసిన కేకలకు రేకులు అదిరాయి. కెప్టెన్ నీ తరఫున పరుగెత్తి కప్పు అందుకుంది. అందరూ కెమెరాలో పడాలి కాబట్టి నీకు వీడియో కాల్ చేసిన ఫోను నా చేతికిచ్చారు. లీగ్ మ్యాచ్‌ల్లో పడ్డ కష్టం ఊరికే పోలేదని నువ్వు ఏడ్చావు. వెనక మీ అమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఫోను అలా కదపకండే, ఏమీ కనపడటం లేదు అన్నావు. రెండు చేతులతో పట్టుకున్నాను.

ఉన్నప్పుడూ నీదే, లేనప్పుడూ నీదే. ఇంట్లో కాలు చాపుకుని కూర్చున్నా నీదే. మా స్కూల్లో సిస్టర్ చెప్పేవారు, ఓర్వలేనితనం వచ్చినప్పుడు కళ్లు మూసుకుని మెల్లగా పది దాకా లెక్కపెట్టమని. వచ్చేటప్పుడు బస్సులో ప్రయత్నించాను. ఒకటి దగ్గరే ఆగిపోయాను.

కప్పు మీద పేరు చెక్కించాలని నిర్వాహకులు వెనక్కి తీసుకున్నారు. అది రాగానే, వచ్చే ఆదివారం, అందరూ కేకుతో సహా మీ ఇంటికి రావాలని అనుకుంటున్నారు. నిన్ను ఆశ్చర్యపరచాలట, కాబట్టి నీకు తెలియనట్టే ఉండు. ఫొటోలు తీసే పని కెప్టెన్ నాకే అప్పగించింది. నీ చెయ్యి నిలకడగా ఉంటుందే అంది.

నువ్వు లేని గది మరీ శుభ్రంగా ఉంది. నీ మంచం మీద నా పుస్తకాలు పెట్టుకున్నాను. వచ్చాక తిట్టు. మందులు మానకు. మోకాలు వంచమన్నప్పుడే వంచు, నీ తొందర దాని మీద చూపించకు.

ఎప్పటికీ నీ పక్క మంచం మీది,
లైబ్రరీ

తా.క.: మైకాయన నీ పేరు తర్వాత ఇంకో మాట కూడా చదివాడు. మనవాళ్ల కేకల్లో అది ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. ఆ బహుమతి టోర్నమెంట్ మొత్తానికి కాదు, ఫైనల్‌కు మాత్రమే. నిన్న నేనొక్కదాన్నే నిర్వాహకుల గదికి వెళ్లి, పసుపు జెర్సీలో ఉన్నది నేనని చెప్పాను. మొదటిసారి వాళ్లకు వినపడలేదు. రెండోసారి చెప్పాను. ఆట వీడియో పెట్టి చూసుకున్నారు. ఈ ఉదయం కప్పు మీద నా పేరు చెక్కారు. మనవాళ్లకు ఇంకా తెలియదు.